గోడ మీద నాన్న పేరు

"గోడ మీద మీ నాన్నగారి పేరు వేయడం కుదరదు సార్. అది తప్పనిసరి అంటే, ఈ డబ్బు మీరు వెనక్కి తీసుకోవచ్చు."

ఈ మాట నాతో అన్నది, చైనాలో ఓ పల్లె బడి కోసం చందా అడగడానికి వచ్చిన, ఇరవయ్యేళ్ళు కూడా నిండని కాలేజీ అమ్మాయి. మా ఆఫీసు క్యాంటీన్లో, భోజనాల వేళ, పక్క టీము వాళ్ళంతా వింటుండగా అంది. గొంతులో కోపం లేదు. నా కవరు రెండు చేతులతో పట్టుకుని, తల కాస్త వంచి, నా ముందుకు చాపింది. అంత మర్యాదగా అనబట్టే ఇంకా బాధ వేసింది. ఇచ్చే చేతిని ఆపి మరీ షరతు చెప్పడం నేను ఎక్కడా చూడలేదు.

నేను హాంకాంగ్‌లో ఓ బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేస్తాను. ఇక్కడ చందాలు అడిగే పిల్లలు కొత్త కాదు. శనివారం పొద్దున్నే మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర స్కూలు యూనిఫాంలో, మెడలో సంచీ వేసుకుని నిలబడతారు. ఆ సంచీకి సీలు ఉంటుంది, డబ్బు లోపలికి వెళ్తుందే తప్ప బయటికి రాదు. నాణెం వేయగానే వేలెడంత స్టిక్కరు తీసి మన చొక్కాకి అంటిస్తారు. అది కనిపిస్తే తరవాతి మూలలో నిలబడ్డ పిల్లలు మనల్ని ఆపరు. ఫ్లాగ్ డే అంటారు దీన్ని. సాంఘిక సంక్షేమ శాఖ అనుమతి ఉండాలి, వచ్చిన డబ్బుకి ఆడిట్ జరగాలి. వినాయక చవితికి రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి చందా వసూలు చేసే ఊళ్ళో పెరిగిన నాకు, మొదట్లో ఈ పద్ధతి చూసి ఎంత ముచ్చట వేసిందో చెప్పలేను.

చైనా పల్లె బడుల కోసం డబ్బు పోగుచేయడం హాంకాంగ్ వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పని. సోవర్స్ యాక్షన్ అనే సంస్థ 1992లోనే మొదలైంది. గాన్సు రాష్ట్రంలో మావోసి అనే ఊళ్ళో పిల్లలు బడికి వెళ్ళాలంటే ఏరు దాటాలి. వరదొస్తే దారి మూసుకుపోయేది. హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఙ్, విద్యార్థులు కలిసి 2005లో అక్కడ కాలిబాట వంతెన కట్టారు. తరవాత అదే ఊళ్ళో మట్టి ఇటుకలతో, ఆ ఊరివాళ్ళ చేతులతోనే, చలికి తట్టుకునే బడి లేచింది. సిమెంటు బిల్డింగే అభివృద్ధి అనుకునే మన ఇంజనీర్లందరూ ఆ బడిని ఒకసారి చూసిరావాలని నా కోరిక.

మా ఆఫీసుకొచ్చిన పిల్లలదీ గాన్సు కొండల్లోని ఓ ప్రైమరీ బడే. వాళ్ళ కాగితంలో ఏం కావాలో వరసగా రాసుంది. తరగతి గదులకు పొయ్యిలు, మరుగుదొడ్లు, హాస్టల్లో పరుపులు, వేడినీళ్ళ మిషను, ఒక్కోదానికి ఎంతవుతుందో ఎదురుగా అంకె. ఫోటోలు కూడా తెచ్చారు. ఒకదాంట్లో బెంచీ కాలు విరిగితే ఇనుప తీగ చుట్టి కట్టారు. ఆ తీగకి పిల్లల చేతులు గీసుకోకుండా పైన గుడ్డ పేలిక చుట్టారు. ఎవరో మాస్టారే చుట్టి ఉంటారు. ఆ గుడ్డ చూశాకే నా చెయ్యి జేబులోకి వెళ్ళింది.

అన్నట్టు ఆ ఫోటోల్లో ఒక్క పిల్ల మొహం లేదు. అన్నీ వెనకనుంచి తీసినవే. జడలు, బురద బూట్లు, వీపుల మీద సంచీలు. ఎందుకిలా అనడిగితే, "తమ పేదరికం చూపించి డబ్బు తెచ్చుకున్నామని రేపు ఆ పిల్లలు అనుకోకూడదు" అంది అదే అమ్మాయి. గోడ మీద పేరు వద్దన్నదీ అదే లెక్కన. ఆ పిల్లలు పొద్దున్న లేస్తే చూసే గోడ అది, వాళ్ళు ఎవరికో రుణపడ్డారని రోజూ గుర్తుచేయకూడదట.

నాకు మాత్రం ఈ మాట వారం రోజులు మింగుడుపడలేదు.

మన దగ్గర పేరు వేయడం గొప్ప కోసమేనా? మా నాన్న సీతంపేట ఏజెన్సీలో ఏకోపాధ్యాయ పాఠశాల మాస్టారు. రిటైరయ్యేదాకా అదే కొండ, అవే గూడేలు. ఆ బడికి బీరువా ఇచ్చింది కింద ఊళ్ళో కిరాణా కొట్టు ఆయన. తలుపు మీద తెల్ల పెయింటుతో చనిపోయిన కొడుకు పేరు, జ్ఞాపకార్థం అని రాయించుకున్నాడు. ఏడాదికోసారి కొండెక్కి వచ్చి ఆ బీరువా తలుపులు తీసి, లోపల చెదలు పట్టలేదు కదా అని చూసుకుని, పిల్లలకు బిస్కెట్లు పంచి దిగిపోయేవాడు. పేరుంది కాబట్టి వచ్చాడు. పేరుంది కాబట్టి ఆ బీరువా ఎవరింటికో పోలేదు. అది చూస్తూ పెరిగినవాణ్ణి, నాన్న పేరు రాయించమని అడిగితే అందులో పిల్లల్ని చిన్నబుచ్చడం ఎక్కడుంది?

పైగా పేర్లు వేసుకోవడంలో చైనా మనకేం తీసిపోలేదు. హాంకాంగ్ సినిమా దిగ్గజం రన్ రన్ షా నూరేళ్ళు దాటి బతికి 2014లో పోయారు. ఆయన చైనీసు పేరు యీఫు. ఆయన విరాళాలతో లేచిన యీఫు భవనాలు చైనా క్యాంపస్‌లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఫోటోల సంగతి కూడా అంతే. చైనా పల్లెల్లో పేద పిల్లల చదువు కోసం 1989లో మొదలైన ప్రాజెక్ట్ హోప్‌కి చందాలు ఊపందుకున్నది ఒక పాప మొహం చూసి కాదా? 1991లో ఫోటోగ్రాఫర్ షియె హైలాంగ్ ఆన్‌హుయ్ రాష్ట్రం జిన్‌జాయ్ జిల్లాలో ఓ పల్లె బడికెళ్ళి, పెన్సిలు పట్టుకుని తలెత్తి చూస్తున్న సు మింగ్‌జువాన్ అనే పాపను ఫోటో తీశాడు. ఆ పెద్ద కళ్ళు దేశమంతా పోస్టర్లెక్కాయి. చదువు మానేసే స్థితిలో ఉన్న ఎందరో పిల్లలు ఆ ఫోటో పుణ్యాన బడికెళ్ళారు. ఆ అమ్మాయి పెద్దదై బ్యాంకు ఉద్యోగి అయింది, తన పేరుతోనే పేద పిల్లల చదువుకి నిధి పెట్టింది. మొహం చూపించడం అంత నేరమైతే ఇవన్నీ ఎలా జరిగాయి?

ఇదంతా మా ఆఫీసుకొచ్చిన ఆ కాలేజీ అమ్మాయికి మెయిల్లో రాశాను. పెద్ద మెయిలే. మధ్యాహ్న భోజనం సంగతి కూడా కలిపాను. చైనాలో డంగ్ ఫెయ్ అనే జర్నలిస్టు 2011లో పల్లె బడి పిల్లలకు మూడు యువాన్ల భోజనం పెట్టండని చందాలు అడిగాడు. ఆ ఏడాది చివర్లో ప్రభుత్వం కూడా రోజుకి మూడు యువాన్ల లెక్కన పథకం తెచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచే ప్రభుత్వ బడుల్లో వేడి అన్నం వడ్డిస్తున్నారు, చందాలతో పని లేకుండా సుప్రీంకోర్టు ఆర్డరుతో. ఆ ముక్క రాయకుండా ఉండలేకపోయాను. దేశం కాని దేశంలో ఉన్నప్పుడు మన ఊరి అన్నం మీద ఈగ వాలినా ఓర్చుకోలేం.

జవాబు మర్నాడే వచ్చింది, నా మెయిల్లో సగం కూడా లేదు. సు మింగ్‌జువాన్ ఫోటో మీద ఆ అమ్మాయికి ఏ అభ్యంతరమూ లేదట. పేర్ల గురించి మాత్రం వేరే సంగతి రాసింది. 2001 నుంచి చైనా ప్రభుత్వం చిన్న పల్లె బడుల్ని మూసి పెద్ద బడుల్లో కలపడం మొదలుపెట్టింది. పదేళ్ళలో పల్లె ప్రైమరీ బడులు సగానికి పైగా తగ్గిపోయాయి. పసిపిల్లలు హాస్టళ్ళకో, గంటల కొద్దీ నడకకో అలవాటుపడాల్సి వచ్చింది. గోల ఎక్కువై 2012లో ఆపమన్నారు. ఈలోగా దాతల పేర్లతో కట్టిన ఎన్నో హోప్ బడులు కూడా ఖాళీ అయ్యాయి. తాళం వేసిన గేటు, పైన బంగారు అక్షరాలు. "పేరున్నవాళ్ళు వచ్చి అడగలేదు సార్. మేం మాత్రం ఏటా వెళ్ళి అడుగుతాం. మా బ్యాచ్ అయిపోతే కింది బ్యాచ్ వెళ్తుంది" అని రాసింది.

ఇక్కడే ఆలోచనలో పడ్డాను. మన ఆంధ్రాలో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించినప్పుడు, మా ఊరి వాట్సప్ గ్రూపులో అమెరికాలో ఉన్నవాళ్ళం, సింగపూర్లో ఉన్నవాళ్ళం అంతా ఆవేశంగా రాశాం. ఊరికి వెళ్ళి అధికారిని అడిగింది మాత్రం పిల్లల తల్లులే. అయినా కిరాణా కొట్టు ఆయన్ని నేను వదులుకోలేను. ఆయన అడిగేవాడు. దాత పక్క ఊళ్ళో ఉంటే పేరు కాపలా కాస్తుంది. ఎక్కడో దూరాన ఉంటే ఆ పేరు వట్టి పెయింటే. మా ఇద్దరి మధ్య తేడా అదేనని నాకనిపిస్తోంది. ఆ అమ్మాయి చూసింది దూరపు దాతల్ని, నేను చూసింది కొండెక్కి వచ్చిన మనిషిని.

ఏటా వెళ్ళడం కూడా అంత తేలికేం కాదు. 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం బయటి సంస్థలు, హాంకాంగ్‌వి సహా, చైనాలో పనిచేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా అక్కడి భాగస్వామి ద్వారా ముందే కాగితాలు దాఖలు చేయాలి. పరీక్షలు రాసుకుంటూ, పార్ట్‌టైమ్ ట్యూషన్లు చెప్పుకుంటూ ఈ పిల్లలు ఆ తిరుగుడంతా తిరుగుతున్నారు. ఆ ఓపికకి నేను దణ్ణం పెడతాను.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసినప్పుడు మొత్తం చెప్పాను. డబ్బిచ్చేశానని, పేరు మాత్రం వేయరట అని.

"నా పేరెందుకురా అక్కడ, నన్నెవరెరుగుదురు" అని ఆయన తీసిపారేశారు. తరవాత ప్రశ్నలు మొదలుపెట్టారు. పిల్లలెంతమంది, నీళ్ళెక్కడివి, వంట ఎవరు చేస్తారు. అన్నిటికీ కాగితం చూసి చెప్పాను.

"మరి మాస్టారు ఎక్కడ పడుకుంటాడు?"

కాగితం రెండువైపులా చూశాను. పొయ్యిలున్నాయి, పరుపులున్నాయి, అన్నీ పిల్లలకే. నాన్న సోమవారం కొండెక్కితే శనివారం సాయంత్రం దిగేవారు. రెండు బెంచీలు దగ్గరికి జరుపుకుని తరగతి గదిలోనే పడక, కిరసనాయిలు స్టవ్ మీద వంట. వానాకాలం పైకప్పు కారితే బెంచీలు ఏ మూలకి జరపాలో ఆయనకి లెక్క ఉండేది. ఆయన తరవాత వచ్చిన మాస్టర్లు నెల తిరక్కుండా బదిలీ పెట్టుకుని దిగిపోయారు.

"పొయ్యి పెట్టినా, బల్లలు పెట్టినా, మాస్టారు నిలబడకపోతే బడి లేదురా. ఆ పిల్లని అడుగు" అన్నారు.

అడిగాను. ఊరి టీచర్లకు ఇళ్ళు కట్టాలని చైనా ప్రభుత్వం 2015 పథకంలోనే రాసుకుందనీ, ఆ కొండ మీదికి అది వచ్చిందో లేదో భాగస్వామి సంస్థని కనుక్కుంటాననీ చెప్పింది. ఈసారి కాగితంలో టీచరు గదికి ఒక వరస చేరుస్తామంది. ఆ వరసకి ఎంతవుతుందో చెప్పమన్నాను. ఇంకా అంకె రాలేదు.