పదకొండో అధ్యాయం రెండుసార్లు

నా నవల అచ్చయిన ఎనిమిదో నెలలో, ముక్కూమొహం తెలియని ఒక పాఠకుడి నుంచి మెసేజ్ వచ్చింది. "సార్, మీ పుస్తకం చదువుతున్నాను. పదకొండో అధ్యాయం అయిపోగానే మళ్ళీ పదకొండో అధ్యాయమే వచ్చింది. కావాలనే అలా రాశారా? నాకు అర్థంకాని ప్రయోగం ఏదైనా ఉందా?"

ప్రయోగమూ లేదు, పాడూ లేదు. ఫైళ్ళు కలిపేటప్పుడు ఒక అధ్యాయాన్ని రెండుసార్లు అతికించాను. తప్పు నాదే. కానీ నాకు చెమటలు పట్టింది అందుకు కాదు. "మా సంపాదక మండలిలో ముగ్గురు చదివారు, ముగ్గురూ ఏకగ్రీవంగా ఎంపిక చేశారు" అని ప్రచురణ సంస్థ రాసిన ఉత్తరం నా దగ్గరుంది. ఆ తర్వాత ఎడిటింగ్ అన్నారు, రెండు విడతల ప్రూఫ్ అన్నారు, రెండింటికీ డబ్బు తీసుకున్నారు. ఇంతమంది చేతుల మీదుగా నడిచిన పుస్తకంలో ఇరవై రెండు పేజీలు రెండేసిసార్లు పడితే ఒక్కరి కంటికీ ఆనలేదు. అంటే ఎవరూ చదవలేదు. (ఆఖరి ప్రూఫ్ నాకూ పంపారు. నేనూ చదవలేదు. ముఖచిత్రం మీద నా పేరు చూసుకుంటూ కూర్చుని 'ఓకే' నొక్కేశాను.)

ఆ రాత్రి ఎంపిక ఉత్తరాన్ని మళ్ళీ బయటికి తీశాను. ఏడాది కిందట దాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. "మీ రచనలోని భావోద్వేగాల గాఢత, పాఠకుణ్ణి కట్టిపడేసే కథనశైలి, సమకాలీన సమాజానికి ఎంతో అవసరమైన సందేశం..." ఒకటిన్నర పేజీలో ఒక్క పాత్ర పేరు లేదు. ఒక్క సన్నివేశం ప్రస్తావన లేదు. నవల పేరున్న చోట ఇంకో పుస్తకం పేరు పెట్టి చదివి చూశాను. అతికింది. పద్య సంకలనం పేరు పెట్టినా అతికింది. చివరికి మా వాషింగ్ మెషీన్‌తో ఇచ్చిన చిన్న పుస్తకం పేరు పెట్టాను. "సమకాలీన సమాజానికి అవసరమైన సందేశం" దానికే ఇంకా బాగా కుదిరింది.

అసలు ఎలా దిగానో చెప్పాలి. నవల పూర్తయ్యాక ఏడెనిమిది చోట్లకు పంపాను. రెండు చోట్ల నుంచి మర్యాదగా వద్దన్నారు, మిగతావాళ్ళు ఉలుకూ పలుకూ లేదు. ఆ నిశ్శబ్దం మనిషిని ఎంత మెత్తగా చేస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అలాంటి రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన కనిపించింది. ఫారం నింపి పంపితే నాలుగో రోజే ఫోన్. రెండు వందల ఎనభై పేజీల నవలను నాలుగు రోజుల్లో ముగ్గురు చదివి, కూర్చుని చర్చించి, ఏకగ్రీవానికి రావడం సాధ్యమేనా అని నాకు అప్పుడు తట్టలేదు. తట్టినా వినేవాణ్ణి కాదనుకోండి.

ఫోన్‌లో మాట్లాడినావిడ మొదట డబ్బు ఊసే ఎత్తలేదు. అదే వాళ్ళ నేర్పు. వారం తర్వాత "భాగస్వామ్య పద్ధతి" అన్న మాట వచ్చింది. కొత్త రచయితల మీద మార్కెట్‌కి నమ్మకం ఉండదు కాబట్టి కొంత వాళ్ళు, కొంత నేను పెట్టుకోవాలట. మూడు ప్యాకేజీలు: సిల్వర్, గోల్డ్, ప్లాటినం. "మీ నవల స్థాయికి సిల్వర్ వద్దు సార్, అన్యాయం చేసినట్టవుతుంది" అంది. రేపు సాయంత్రంలోగా చెప్పకపోతే ఈ సీజన్ జాబితాలో చోటు పోతుందంది. గోల్డ్ తీసుకున్నాను. అన్ని వాయిదాలూ కలిపి నా మూడు నెలల జీతం పోయింది.

ఇక వాళ్ళు చెప్పిన విజయాల సంగతి. తర్వాత ఒక్కొక్కటీ తవ్వి చూశాక నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, వాటిలో ముప్పాతికవంతు అచ్చంగా అబద్ధాలు కావు. నూట యాభై దేశాల్లో లభ్యం అన్నారు. నిజమే, ఆన్‌లైన్ దుకాణంలో పేజీ పెడితే ఆ దుకాణం ఎన్ని దేశాలకు పంపిస్తుందో అన్ని దేశాల్లోనూ లభ్యమే. నలభై వేల దుకాణాలకు అందుబాటులో అన్నారు. పంపిణీదారు కేటలాగులో ఒక వరుసగా పేరు ఉంటే, ఏ దుకాణమైనా కావాలంటే తెప్పించుకోగలదు, దాని అర్థం అంతే. కావాలని ఎవరు అడుగుతారు? అమ్ముడుపోని కాపీలు వెనక్కి తీసుకోని పుస్తకాన్ని దుకాణంవాళ్ళు అరలో పెట్టడానికే వెనకాడతారు. ఆర్డర్ వస్తే అప్పుడు ఒక్క కాపీ అచ్చేసే పద్ధతిలో వచ్చిన చాలా పుస్తకాలకు ఆ వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండదు.

ఐఎస్‌బీఎన్ వచ్చింది కాబట్టి మీ కాపీరైట్ నమోదైపోయింది అన్నారు. ఇది మాత్రం శుద్ధ తప్పు. ఆ పదమూడు అంకెలు పుస్తకానికి గుర్తింపు సంఖ్య, అంతే. అందులో ఒక భాగం ప్రచురణకర్త ఎవరో చెబుతుంది, నా పుస్తకం మీద ఉన్నది వాళ్ళ సంఖ్య. కాపీరైట్ అంటారా, దానిమీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలోనూ రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచే రాసినవాడిది. దాన్ని వాళ్ళు నాకు ఇప్పించేదేమీ లేదు.

అన్నిటికన్నా పెద్దది బెస్ట్‌సెల్లర్. ఒకరోజు ఆవిడ ఫోన్ చేసి, "ఈ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిలోపు మీవాళ్ళందరితో ఈ-బుక్ కొనిపించండి సార్" అంది. మా అక్క, ఇద్దరు స్నేహితులు, ఆఫీసులో ముగ్గురు, నేను. మొత్తం ఏడు కాపీలు. ఎనిమిదింటికల్లా స్క్రీన్‌షాట్ వచ్చింది: నా ముఖచిత్రం పక్కన 'నంబర్ 1 బెస్ట్‌సెల్లర్' పట్టీ. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఏ విభాగంలో నంబర్ వన్ అని ఆర్నెల్ల తర్వాతగానీ చూడలేదు. 'గడియారాలు, పురాతన వస్తువుల సేకరణ'. నా కథానాయకుడు గోడ గడియారాలు బాగుచేస్తాడు, అదీ మొదటి మూడు అధ్యాయాల్లోనే.

ఇది నాకొక్కడికే జరిగింది కాదని తర్వాత తెలిసింది. 2016లో అమెరికాలో ఒక మార్కెటింగ్ మనిషి తన పాదాన్ని ఫొటో తీసి, దాన్నే పుస్తకంగా అమెజాన్‌లో పెట్టి, ఎవరూ పోటీలేని చిన్న విభాగం ఎంచుకుని, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని కాపీలతో నంబర్ వన్ అయ్యాడు. విభాగాలు వేలల్లో ఉంటాయి, ర్యాంకు గంటగంటకూ మారుతుంటుంది, పట్టీ ఒక్క గంట ఉన్నా స్క్రీన్‌షాట్ జీవితాంతం ఉంటుంది.

ఆ స్క్రీన్‌షాట్‌ని నేనేం చేశానన్నది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఫేస్‌బుక్‌లో పెట్టాను. పేరు ముందు 'బెస్ట్‌సెల్లింగ్ రచయిత' అని తగిలించుకున్నాను. సంస్థవాళ్ళు రెండు వాక్యాల అభిప్రాయం అడిగితే "నా కల నిజమైంది" అని ఫొటోతో సహా పంపాను.

పదకొండో అధ్యాయం మెసేజ్ వచ్చిన వారానికి మా అక్క దగ్గర ఒప్పందం పెట్టి కూర్చున్నాను. ఆమెది లెక్కల ఉద్యోగం. సాహిత్యం జోలికి పోదు.

"ఒరేయ్, ఇందులో డబ్బు ఎటునుంచి ఎటు పోతోందో బాణాలు వేసి చూపించు" అంది.

వేశాను. ఎడిటింగ్‌కి ఒక బాణం, ముఖచిత్రానికి ఒకటి, ప్రచారానికి రెండు, నా పుస్తకాలు నేనే 'రచయిత రాయితీ' మీద కొనడానికి ఒకటి. అన్నీ నా నుంచి వాళ్ళకే. ఇటువైపు వచ్చేది ఒక్కటే, రాయల్టీ. అదీ 'నికర ఆదాయంలో'. నికరం అంటే ఏమిటో ఇంకో పేజీలో ఉంది: అచ్చు ఖర్చు, దుకాణం కమిషన్, పంపిణీ, 'నిర్వహణ వ్యయాలు' పోను మిగిలింది.

"వీళ్ళకి పాఠకుడు అక్కర్లేదురా. వీళ్ళ గిరాకీవి నువ్వే" అంది.

ఇదే మాటను అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత జేమ్స్ మెక్‌డొనాల్డ్ ఏనాడో ఒక సూత్రంగా చెప్పాడని తర్వాత చదివాను: డబ్బు పారాల్సింది రచయిత వైపుకి. దానికి నాదొక చిన్న సవరణ. సొంతంగా పుస్తకం వేసుకోవడం మోసమేం కాదు. ఎడిటర్‌కి, అచ్చు వేసేవాళ్ళకి కూలి ఇస్తాం, ప్రచురణకర్తలం మనమే, ఫైళ్ళూ హక్కులూ మన దగ్గరే ఉంటాయి. ఖర్చంతా నాతో పెట్టించి, హక్కులు మాత్రం వాళ్ళు ఉంచుకున్నారు, గొడవ అక్కడే.

హక్కుల దగ్గర అక్క ఇంకో గోతిని పట్టుకుంది. "పుస్తకం ముద్రణలో ఉన్నంతకాలం హక్కులు సంస్థవే" అని ఉంది. పాతకాలంలో అయితే కాపీలు అయిపోతాయి, మళ్ళీ వేయరు, హక్కు తిరిగొస్తుంది. ఆర్డర్ వచ్చినప్పుడు అచ్చేసే పద్ధతిలో కాపీలు అయిపోవడమనేదే లేదు. "కంప్యూటర్లో ఫైలున్నంతకాలం ముద్రణలో ఉన్నట్టే కదా? అంటే ఎప్పటికీ అన్నమాట!"

బయటపడే దారి కూడా అదే ఒప్పందంలో దొరికింది. ఆర్నెల్లకోసారి అమ్మకాల లెక్క రాతపూర్వకంగా ఇవ్వాలని ఒక షరతు ఉంది. ఒక్కసారీ ఇవ్వలేదు. ఫోన్లు మానేసి అన్నీ ఈమెయిల్‌లోనే నడిపాను. మొదటి మెయిల్‌కి జవాబు లేదు. రెండోదానికి ఒప్పందం రద్దు రుసుము కట్టమన్నారు. ఆ రుసుము ఏ షరతు కింద ఉందో సంఖ్య చెప్పమని మూడోది రాశాను. లెక్క ఇవ్వకపోవడం ఉల్లంఘన అని, పదిహేను రోజుల్లో హక్కులు తిరిగి ఇచ్చినట్టు ఉత్తరం కావాలని, మర్యాద తప్పకుండా, పొడిపొడిగా. పదమూడో రోజున రెండు వాక్యాల ఉత్తరం, దానితోపాటు మొట్టమొదటి అమ్మకాల లెక్క వచ్చాయి. ముఖచిత్రం, ఐఎస్‌బీఎన్ వాళ్ళవి కాబట్టి మళ్ళీ వేసుకుంటే రెండూ కొత్తవి పెట్టుకోవాలి. పోనీ.

డబ్బులో తిరిగొచ్చింది ఆఖరి వాయిదా ఒక్కటే. అది ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తక ప్రదర్శనలో నా నవల పెట్టడానికి కట్టింది. అక్కడ హక్కుల బేరాలు ముందుగా అపాయింట్‌మెంట్ పెట్టుకుని బల్లల దగ్గర జరుగుతాయి తప్ప, దారినపోయేవాళ్ళు అరలు చూసి చేసేవి కావని నాకు అప్పుడు తెలియదు. రుజువుగా ఫొటో పంపారు. అక్క దాన్ని పెద్దది చేసి చూసింది. పక్క పుస్తకాల నీడలన్నీ ఎడమవైపు పడ్డాయి. నా పుస్తకానికి నీడే లేదు. కార్డు మీద కట్టిన డబ్బు కాబట్టి, చెప్పిన సేవ అందలేదని ఆ ఫొటో జతచేసి బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. దీనికి గడువు ఉంటుంది. పాత వాయిదాలకు అది దాటిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక పాత ముచ్చట చదివి చాలాసేపు నవ్వాను. 2004లో కొందరు అమెరికన్ రచయితలు, తాము ఆచితూచి ఎంపిక చేస్తామని చెప్పుకునే ఒక సంస్థ నిజంగా చదువుతుందో లేదో తేల్చడానికి, పనిగట్టుకుని ఒక చెత్త నవల రాశారు. పేరు 'అట్లాంటా నైట్స్'. రచయిత పేరు ట్రావిస్ టీ, గబగబా అంటే ఇంగ్లీషు మాట 'ట్రావెస్టీ', అంటే వెక్కిరింత, అని వినబడుతుంది. అందులో ఒక అధ్యాయం లేదు, ఒకటి కంప్యూటర్ చేత రాయించారు, రెండు అధ్యాయాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. సంస్థ దాన్ని అంగీకరించింది, గుట్టు బయటపడ్డాక వెనక్కి తీసుకుంది. వాళ్ళు కావాలని చేసిన పరీక్షను నేను పొరపాటున చేసినట్టయింది.

హక్కులు వచ్చాయి కదా, కథ ముగిసిందనుకున్నాను. నెల తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఒకరు పెద్ద ప్రచురణ సంస్థకు ఏజెంటునన్నారు, ఇంకొకరు మీ నవల సినిమా హక్కులు అడుగుతున్నారన్నారు, ముందుగా స్క్రీన్‌ప్లే రాయించడానికి కొంత కట్టాలన్నారు. మూడోవాడు ఇంకా ఘనుడు, పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాను, ఫీజు కట్టండి అన్నాడు. ఒకసారి డబ్బు కట్టినవాడి పేరు వీళ్ళ జాబితాల్లో తిరుగుతూ ఉంటుంది కాబోలు. అమెరికాలో ఇలాగే ఏజెంట్లమని, సినిమావాళ్ళమని చెప్పి 800 మందికి పైగా రచయితల నుంచి 4.4 కోట్ల డాలర్లకు పైగా గుంజారని శాన్ డియెగోలో ఫెడరల్ కేసు నమోదైంది. అది చదివాక ఒక్కణ్ణే వెర్రివాణ్ణి కాలేదని కాస్త ఊరట, ఏం చేస్తాం.

ఇప్పుడు ఎవరు మెయిల్ చేసినా చిరునామాను అక్షరం అక్షరం చూస్తాను. పేరున్న ఎడిటర్లలా నటించి అచ్చుకాని రాతప్రతులు రాబట్టినందుకు 2022 జనవరిలో న్యూయార్క్ విమానాశ్రయంలో ఒకణ్ణి అరెస్టు చేశారు. అతను 160కి పైగా దొంగ వెబ్ చిరునామాలు వాడాడట. ఇంగ్లీషు 'ఎం' ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడితే చిన్న తెరమీద తేడా కనిపెట్టడం కష్టం. ఎవరైనా సరే, ఆ సంస్థ అసలు నంబరు నేనే వెతికి ఫోన్ చేసి అడుగుతాను. సగంమంది ఆ మాట వినగానే మాయమవుతారు.

పోయిన నెల ఒకమ్మాయి ఫోన్ చేసింది. కథలు రాస్తుందట, నవల పూర్తి చేసిందట.

"నన్ను సెలెక్ట్ చేశారండీ. సంపాదక మండలిలో ముగ్గురూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారట. మీతో ఒకసారి మాట్లాడి డబ్బు కడదామని. వాళ్ళు పంపిన బ్రోషర్లో మూడో పేజీలో మీ ఫొటో ఉంది. కింద 'నా కల నిజమైంది' అని ఉంది."

నా పోస్టు తీసేశాను గానీ, బ్రోషర్లోంచి నన్ను తీసేయమని అడగాలని తట్టనేలేదు. కూర్చుని మొత్తం చెప్పాను. డెబ్భై నాలుగు కాపీలు అమ్ముడయ్యాయనీ, అందులో నలభై ఒకటి నేనే కొన్నాననీ చెప్పాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"మరి నంబర్ వన్ బెస్ట్‌సెల్లర్ అని ఉందండీ."

"గడియారాల విభాగంలో అమ్మా. ఒక సాయంత్రం."

"మీ నవల గడియారాల గురించా?"

"కాదమ్మా."