రాత్రి లెక్కలు

కలలో నేను మా హిందూపురం ఇంటి పెరట్లో ఉన్నాను. ఏదో కుక్క మీదికి దూకింది. బలంకొద్దీ ఒక్క గుద్దు గుద్దాను. "అమ్మా!" అని కేక వినిపించి కళ్లు తెరిస్తే మా ఆవిడ పెదవి మీద రక్తం. కుక్కా లేదు, పెరడూ లేదు. బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి ఫ్లాటు, తెల్లవారుజాము నాలుగు.

అప్పటికి నాకు పార్కిన్సన్స్ అని తేలి రెండేళ్లు. కుడిచెయ్యి వణకడం, రాసేకొద్దీ అక్షరాలు చీమల బారులా చిన్నవైపోవడం, నడుస్తుంటే చెయ్యి ఊగకపోవడం... ఇవన్నీ డాక్టరమ్మకు చెప్పేవాణ్ణి. నిద్ర సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అరవై దాటినవాడికి నిద్ర సరిగ్గా పట్టకపోవడం కూడా ఒక జబ్బేనా అనుకున్నాను.

ఆ వారం చెకప్‌లో డాక్టరమ్మ మా ఆవిడ పెదవి చూసి, నన్ను పక్కన పెట్టి ఆవిణ్ణే అడిగింది. "రాత్రిళ్లు ఈయన ఏం చేస్తారమ్మా?"

"ఏం చేస్తారండీ, తిడతారు, తంతారు. చెయ్యి వణకడానికి ఆరేడేళ్ల ముందు నుంచీ ఇంతే. ఆఫీసు టెన్షన్ అనుకున్నా."

ఆరేడేళ్లా! నాకు ఒక్క ముక్క తెలీదు. నా జబ్బు మొదలైన రోజులు నాకంటే ఆవిడకే బాగా తెలుసన్నమాట.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక అర్థమైంది. కలలొచ్చే నిద్రలో మెదడు మన కండరాలకు తాళం వేసి ఉంచుతుంది. అందుకే కలలో పరుగెత్తినా మంచం మీద కాలు కదలదు. నాకు ఆ తాళం వదులైంది. కలలో ఇలా తన్నే ఈ నిద్ర జబ్బును అమెరికా డాక్టర్లు 1986లో వివరించారట. పార్కిన్సన్స్ వచ్చేవాళ్లలో చాలామందికి వణుకు కంటే ఏళ్ల ముందే ఇది కనిపిస్తుంది. 1817లో ఈ వణుకు రోగం గురించి రాసిన లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ కూడా రోగుల నిద్ర చెడిపోవడాన్ని గమనించాడు.

నిద్ర కోసం ఒక మాత్ర మీద ట్రయల్ జరుగుతోంది, చేరతారా అని అడిగింది. మా అబ్బాయి ఒప్పుకోలేదు. "నువ్వేమైనా ప్రయోగాల ఎలుకవా నాన్నా?" అన్నాడు. అన్నవాడే రాత్రి కూర్చుని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు వెతికాడు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలని 2019 నాటి నిబంధనల్లో ఉందని చదివాక కొంచెం చల్లబడ్డాడు.

సమ్మతి పత్రాలు ఇంగ్లీషు, కన్నడ, హిందీల్లో ఉన్నాయి. నాకు కన్నడ మాట్లాడడం వచ్చు గానీ చదివి సంతకం పెట్టేంత రాదు. తెలుగులో ఇవ్వమన్నాను. ట్రయల్ పద్ధతిగా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదించి అది చేతికొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. 18 పేజీలు, రేడియో వార్తల తెలుగు. అయినా రెండు సంగతులు తెలిశాయి: నాకిచ్చేది మందో, మందు లేని మాత్రో నాకూ తెలీదు, ఇచ్చే డాక్టర్‌కూ తెలీదు. ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానేయొచ్చు. రాత్రి లెక్కలు రాయాల్సింది ఆవిడే కాబట్టి ఆవిడ సంతకం కూడా తీసుకున్నారు.

ముందు ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టారు. తలకీ గడ్డానికీ కాళ్లకీ జిగురుతో వైర్లు, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. ఇన్ని పెట్టి పడుకోమంటే ఎవడికి పడుతుంది? అయినా పట్టింది, తన్నాను కూడానట. ఆ జిగురు వదలడానికి మూడుసార్లు కొబ్బరినూనె పెట్టి తలస్నానం చేయాల్సొచ్చింది. ఆ బాధ మాత్రం 18 పేజీల్లో ఎక్కడా లేదు.

తర్వాత 12 వారాలు మాత్ర, చేతికి కదలికలు నమోదు చేసే గడియారం. స్నానానికి తీసి మర్చిపోయి ఒక వారం లెక్క పోగొట్టాను, కోఆర్డినేటర్ అమ్మాయితో చీవాట్లు తిన్నాను. మా ఆవిడకిచ్చిన ఫారంలో టిక్కులు పెట్టే గళ్లున్నాయి. ఆవిడ గళ్లు వదిలి అంచుల్లో రాసేది: "11.40 గొణిగారు. 2.15 తన్నారు, దిండుకి తగిలింది. 4.05 ఎవర్నో లేవరా అన్నారు." మొదటి రెండు వారాలు అంచులన్నీ నిండిపోయాయి. ఆరో వారం నుంచి కొన్ని రాత్రులకు "ఏమీ లేదు" అని ఉంది.

అది మాత్ర మహిమో కాదో ఇంకా తెలీదు. అందరివీ పూర్తయ్యాకే చెబుతారట. పైగా అన్నీ తగ్గలేదు. పార్కిన్సన్స్‌కి వేసుకునే సిండోపా మాత్ర ప్రభావం తగ్గే రాత్రి మూడు గంటలప్పుడు ఒళ్లు కొయ్యలా బిగిసి పక్కకు తిరగలేను. దానికి ట్రయల్ మాత్ర కాదు, మా ఆవిడ పాత పట్టుచీరే పనికొచ్చింది. దుప్పటి మీద నడుము దగ్గర అడ్డంగా పరిచింది, ఇప్పుడు జారినట్టు తిరుగుతున్నాను. డాక్టరమ్మకు చెబితే నవ్వి, జారే గుడ్డ వేయమని వాళ్లూ చెబుతారంది.

ట్రయల్ అయ్యాక ఈ తన్నులకు మెలటొనిన్ అనే మందు ఇచ్చారు. అందరికీ పనిచేయదని ముందే చెప్పారు. నాకు ఫరవాలేదు, తన్నులు నెలకు ఒకటో రెండో.

పెదవి పగిలినప్పటి నుంచీ మా ఆవిడ కింద చాప మీదే పడుకునేది. పోయిన నెల చాప చుట్టి మంచం కిందికి తోసేసి పైకొచ్చింది. మధ్యలో పొడుగు దిండు మాత్రం తీయలేదు. తీయమని నేనూ అడగలేదు.