అమ్మమ్మ వీడియోలు, ఒక్క రిమోట్

మా ఇంటి మినీ డీవీ టేపులు, అంటే పాత వీడియో కెమెరా టేపులు, కంప్యూటర్ ఫైళ్లుగా మారి చాలా కాలమైంది. మొత్తం 31 టేపులు, ఒక్కొక్కటి గంట. గంటకి దాదాపు 13 జీబీ చొప్పున ఒక పోర్టబుల్ హార్డ్ డిస్కు దాదాపు నిండిపోయింది. కానీ మేం వాటిని చూసింది చాలా తక్కువ. అమ్మకి చూడాలనిపించినప్పుడల్లా "ఆ ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి పెట్టవే ఒకసారి" అనేది. నేను పనిలో ఉంటే "సరేలే, రేపు చూద్దాం" అని ఊరుకునేది. ఆ రేపు వచ్చేసరికి వారాలు గడిచిపోయేవి. ఆ వీడియోల్లో అమ్మమ్మ ఉంది. నడుస్తూ, మాట్లాడుతూ ఉన్న అమ్మమ్మ ఇప్పుడు ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. తన అమ్మని చూసుకోవడానికి మా అమ్మ నా తీరిక కోసం కాచుకుని ఉండటం నాకు నచ్చలేదు.

డిస్కుని నేరుగా టీవీకే పెట్టి చూశాను ముందు. సగం ఫైళ్లు తెరుచుకోలేదు, తెరుచుకున్న వాటిలో కొన్నింటికి శబ్దం లేదు. డీవీ ఫార్మాట్ టీవీలకి అలవాటైనది కాదు. అప్పుడే రాస్‌బెర్రీ పై 4 అనే ఒక్క బోర్డంత చిన్న కంప్యూటర్ తీసుకున్నాను, 2 జీబీ మెమరీది. వీడియోలు ఆడించడానికి అంతకన్నా మెమరీ అక్కర్లేదు. తర్వాత వచ్చిన పై 5 వేగంలో చాలా ముందుంది. కానీ దానికి పూర్తి బలం అందాలంటే 5 ఆంప్స్ అడాప్టర్ కావాలి, వేడి కూడా ఎక్కువ. నా పనికి పాతదే సరైనదనిపించింది.

దాంట్లో లిబ్రెలెక్ వేశాను. కోడి అనే మీడియా ప్లేయర్‌ని నడపడానికి ఎంత కావాలో అంతే ఉన్న లినక్స్ అది. ఇది మాత్రం నిజంగా సులువు. కంప్యూటర్లో మెమరీ కార్డు తయారుచేసే రాస్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రాం తెరిచి, మీడియా ప్లేయర్ల వరసలో లిబ్రెలెక్ ఎంచుకుని, మెమరీ కార్డు మీద రాయించి, కార్డుని బోర్డులో పెట్టాను. మొదటిసారి తనే స్థలం సర్దుకుని, ఒకసారి రీస్టార్టయ్యి కోడి తెరుచుకుంది. పై 4కి రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. పవర్ పోర్టు పక్కనున్న దానికే కేబుల్ పెట్టండి, అదే మొదటిది.

కష్టమంతా ఆ తర్వాతే వచ్చింది. వీడియో మొదలుపెట్టిన కాసేపటికి డిస్కు టిక్ టిక్‌మని, మాయమై, మళ్లీ కనిపించేది. డిస్కే పాడైపోతోందేమోనని ఆ రాత్రి నాకు పట్టిన టెన్షన్ ఇంతా అంతా కాదు. వెంటనే అన్నింటినీ ఇంకో డిస్కులోకి కాపీ చేసుకున్నాను. ఆ పని ఎప్పుడో చేసి ఉండాల్సింది. మీ దగ్గర ఇలాంటి ఫైళ్లు ఒకే చోట ఉంటే ఇది చదవడం ఇక్కడ ఆపి ముందు రెండో కాపీ చేసుకోండి.

మర్నాడు ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (ఇంకో కంప్యూటర్లోకి నెట్‌వర్క్ మీద వెళ్లే పద్ధతి) బోర్డు లోపలికి వెళ్లి, సిస్టమ్ తన సంగతులు రాసుకునే కెర్నల్ లాగ్ చూస్తే 'అండర్‌వోల్టేజ్ డిటెక్టెడ్', అంటే వోల్టేజీ తక్కువైందని, వరసగా ఉంది. డిస్కు తప్పు కాదు, కరెంటు చాలట్లేదు. నేను వాడింది ఫోన్ చార్జర్. దాని మీద పెద్ద వాట్ల సంఖ్య చూసి సరిపోతుందనుకున్నాను. ఫోన్ చార్జర్లు ఆ వాట్లు ఇచ్చేది ఎక్కువ వోల్టేజీ దగ్గర, అదీ ఫోన్ అడిగితేనే. పై 4 అలా అడగదు, అది తీసుకునేది 5 వోల్టులే. అక్కడ ఆ చార్జర్ ఇచ్చేది తక్కువ, ఆ ఇచ్చినదాంట్లో సన్నటి కేబుల్ ఇంకొంత మింగేస్తుంది. వోల్టేజీ 4.63 కన్నా కిందికి పడితే బోర్డు హెచ్చరిస్తుంది. పైగా నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి అది ఇవ్వగలిగింది 1.2 ఆంప్సే. తిరిగే డిస్కు లేచేటప్పుడు ఒక్కటే ఒక ఆంప్ దాకా లాగగలదు. రాస్‌బెర్రీ పై కోసమే తయారైన 5.1 వోల్టులు, 3 ఆంప్స్ అడాప్టర్ తెచ్చి పెట్టాక ఆ టిక్ టిక్ మళ్లీ వినిపించలేదు. డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి, అడాప్టర్ దగ్గర వద్దు.

ఇక వీడియో ఆగకుండా ఆడుతోంది, కానీ అమ్మమ్మ వాకిట్లో నడుస్తుంటే ఆ నడక చిన్న చిన్న కుదుపులతో సాగుతోంది. వేరేవాళ్లైతే పట్టించుకోరేమో. నాకు ఆ నడక తెలుసు, అది అలా ఉండదు. మా టేపులు సెకనుకి 25 ఫ్రేములవి. టీవీ తెర సెకనుకి 60 సార్లు మారుతోంది. 60లో 25 సమంగా ఇమడదు కాబట్టి కొన్ని ఫ్రేములు ఎక్కువసేపు, కొన్ని తక్కువసేపు తెర మీద నిలుస్తాయి. కోడి సెట్టింగుల్లో ప్లేయర్, వీడియోల కింద 'అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్' అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వీడియో మొదలవగానే టీవీ 50కి మారుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి వస్తుంది, అంతే. ఆ తర్వాత అమ్మమ్మ మామూలుగా నడిచింది. పాత టేపుల్లో కదిలే వస్తువుల అంచుల దగ్గర దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే, వాటిని తీసేసే డీఇంటర్లేస్ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

రిమోట్ సంగతి నేను అనుకున్నదానికన్నా తేలిగ్గా తేలింది. హెచ్‌డీఎంఐ కేబుల్లోనే సీఈసీ అని ఒకటుంది, టీవీ రిమోట్ నొక్కులని ఈ రాస్‌బెర్రీ పై పెట్టెకి అందిస్తుంది. టీవీ మెనూలో మాత్రం ఆ పేరుతో ఉండదు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఆన్ చేయగానే బాణాలు, ఓకే, బ్యాక్ అన్నీ పనిచేశాయి. ఇంకో కీబోర్డు, ఇంకో రిమోట్ ఏమీ లేవు. అమ్మ వీడియో మధ్యలోనే టీవీ ఆపేస్తుంది కాబట్టి, టీవీ ఆపగానే ప్లేబ్యాక్ ఆగేలా సీఈసీ సెట్టింగుల్లో పెట్టాను. పెట్టెని మాత్రం ఆపము. ఖాళీగా ఉన్నప్పుడు అది తినేది మూడు వాట్ల చుట్టుపక్కలే. వీడియో నడుస్తుండగా గోడ స్విచ్ తీసేస్తే మెమరీ కార్డులో రాత చెడిపోయే ప్రమాదం ఉంది, అందుకే ఆ స్విచ్ మీద ఒక స్టిక్కర్ అంటించాను.

చివరగా కోడి హోమ్‌లో సినిమాలు, టీవీ, సంగీతం, వాతావరణం లాంటి వరసలన్నీ దాచేసి వీడియోలు ఒక్కటే ఉంచాను. ప్రతి టేపుకీ ఒక ఫోల్డర్ చేసి, ఆ వీడియోలోంచే ఒక బొమ్మ తీసి 'ఫోల్డర్ డాట్ జేపీజీ' అనే పేరుతో దాంట్లో పెట్టాను. కోడి ఆ బొమ్మనే ఫోల్డర్ ముఖంగా చూపిస్తుంది. తేదీలూ ఫైల్ పేర్లూ అమ్మకి అక్కర్లేదు, ముఖాలు చాలు. ఈ ఒక్క పనికే రెండు ఆదివారాలు పట్టాయి. అన్నింటికన్నా ఇష్టంగా చేసింది ఇదే.

ఒకసారి చూపించాను, అంతే. రిమోట్ చేతిలోకి తీసుకుని "ఇంతేనా? బ్యాక్ నొక్కితే మళ్లీ బొమ్మల దగ్గరికి వస్తుందా?" అని అడిగింది.

నిన్న ఏదో సెట్టింగ్ చూడటానికి కోడి తెరిచాను. ఒక వీడియోని దాదాపు చివరిదాకా చూస్తే దాని పక్కన టిక్ పడుతుంది. నేను ఒక్కసారి కూడా తెరవని ఏడు టేపుల పక్కన టిక్కులున్నాయి. ఎనిమిదోది సగంలో ఆగి ఉంది. దాన్ని ముట్టుకోకుండా బయటికి వచ్చేశాను, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అమ్మ చూసుకోవాలని.