కీస్లింగ్ పరిశోధనలో నాకు బాగా నచ్చిన ఘట్టం

జే కీస్లింగ్ పేరెత్తితే అందరూ మలేరియా మందు గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ మందు దాకా వెళ్లే దారిలో ఆయన బృందానికి ఎదురైన ఒక చిక్కంటే మహా ఇష్టం. కెమికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి కావచ్చు. ఆయనదీ మా శాఖే. నెబ్రాస్కాలో రైతు కుటుంబంలో పెరిగి, మిషిగన్‌లో పీహెచ్‌డీ చేసి, 1992లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో ప్రొఫెసర్‌గా చేరారు.

ఆ మలేరియా మందు పేరు ఆర్టెమిసినిన్, అది ఒక మొక్క ఆకుల నుంచి వస్తుంది. పంటను బట్టి దాని ధర ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే మొక్క చేసే పనిని సూక్ష్మజీవి చేత చేయించాలనుకున్నారు. 2003లో ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఈస్ట్ జన్యువులూ మొక్క ఎంజైమూ కలిపి, ఆ మందుకు ముడి పదార్థమైన అమార్ఫాడయీన్ అనే తొలి సరుకు తీశారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఆ జన్యువుల జోరు పెంచితే బ్యాక్టీరియా పెరగడం మానేసింది. కారణం వెతికితే, దారి మధ్యలో హెచ్‌ఎంజీ-కోఏ అనే పదార్థం పేరుకుపోతోంది. ముందున్న ఎంజైములు దాన్ని తయారుచేసినంత వేగంగా తర్వాతి ఎంజైము వాడుకోలేకపోతోంది, మిగిలిపోయిందేమో కణానికి విషమవుతోంది. ఆ తర్వాతి ఎంజైము మోతాదు పెంచారు. కణాలు మళ్లీ పెరిగాయి, దిగుబడీ పెరిగింది. 2007లో వచ్చిన ఆ పేపర్‌ను నేను పిల్లలతో దగ్గరుండి చదివిస్తాను. జన్యువులు తెచ్చి పెట్టడంతో పని అయిపోదు, వాటి వేగాలు ఒకదానికొకటి సరిపోవాలి. రియాక్టర్ల క్లాసులో మేం చెప్పేదీ అదే కదా!

తర్వాత ఈస్ట్‌కి మారారు. ఆర్టెమిసినిన్‌గా మార్చగలిగే ఆర్టెమిసినిక్ ఆమ్లం 2006లో లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. 2013 నాటికి, ఆయన సహవ్యవస్థాపకుడిగా ఉన్న అమిరిస్ కంపెనీ శాస్త్రవేత్తలు దాన్ని 25 గ్రాములకు చేర్చారు. సనోఫీ అనే మందుల కంపెనీ ఉత్పత్తి మొదలుపెట్టింది కానీ, పంట సరుకు ధర పడిపోవడంతో మార్కెట్‌లో నిలవలేకపోయింది. దాన్ని పట్టుకుని ఈ పనంతా వృథా అనేవాళ్లతో నేను అస్సలు ఏకీభవించను. అక్కడ తేలిన పద్ధతులు ఎక్కడికీ పోలేదు.

2022లో ఆయన బృందం బిళ్లగన్నేరు నుంచి తీసే క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను పట్టుకుంది. దానికి కావలసిన రెండు ముడి పదార్థాలనూ ఈస్ట్‌లోనే చేయించి, వాటిని రసాయన పద్ధతిలో కలిపారు. ఆ దారిలో ఎంజైముల అంచెలు ముప్పై దాకా ఉన్నాయి. అప్పటికి దిగుబడి లీటరుకు మైక్రోగ్రాముల్లోనే ఉంది. ఏ అంచె దగ్గర సరుకు ఆగుతోందో కనిపెట్టే పని మా విద్యార్థుల్లో ఎవరో ఒకరు అందుకోవాలని నా ఆశ.