రాళ్ల కింద మిగిలిన చమురు

సముద్రంలో ఒలికిన చమురు అంటిన ఈకలను ముక్కుతో శుభ్రం చేసుకోబోయి ఆ చమురునే మింగుతున్న సముద్రపక్షి వీడియోను ఈ ఉదయం చివరిదాకా చూడలేకపోయాను. తడిసిన ఈకలు చలిని ఆపలేవు కాబట్టి, మింగకపోయినా దానికి ప్రాణగండమే.

1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ఒలికిన చమురు, దశాబ్దం దాటాక కూడా అక్కడి ఒడ్డున రాళ్ల కింద తవ్వితే కనిపించింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే వేదిక పేలి 11 మంది చనిపోగా, బావి నుంచి చమురు ఉబికి రావడాన్ని ఆపడానికే 87 రోజులు పట్టింది. శుభ్రం చేయడం తర్వాతి మాట!

ఇలాంటి ప్రమాదాలు తగ్గడానికి సౌరఫలకాలు, గాలిమరలు పెంచితే చాలునని కొందరు అంటారు గానీ, చమురులో సగానికి పైగా రవాణాకే పోతున్నందున, ఆ విద్యుత్తుతో బస్సులూ కార్లూ నడిచినప్పుడే సముద్రంలో ట్యాంకర్లు తగ్గుతాయని నా అభిప్రాయం.