గడ్డ తీసేశారు, గొంతు ఇంకా రాలేదు

థైరాయిడ్ ఆపరేషన్ అని చెప్తే మన దగ్గర ఎవరూ భయపడరు. "గంతేనా? మా మరదలికి కూడా థైరాయిడే, రోజూ గోలీ వేసుకుంటది, మంచిగనే ఉంది" అంటారు. ఇంటికో గోలీల సీసా ఉన్న జబ్బు కాబట్టి దాని సంగతంతా తమకు తెలుసనుకుంటారు. కాలు విరిగి కట్టుతో బస్సెక్కితే నలుగురు లేచి సీటిస్తారు, గ్రంథి మొత్తం తీయించుకుని వచ్చిన దానికి మాత్రం "ఏందక్కా, లావైనవ్" అన్న పలకరింపు దొరుకుతుంది. కోపమేం లేదు. అడిగిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక గొంతుకు లేదు, అందుకే రాస్తున్నాను. మాట్లాడటం తగ్గించమన్నారు గానీ రాయొద్దని ఎవరూ అనలేదు కదా.

నేను ఆర్టీసీ కండక్టర్‌ని. నల్లగొండ నుంచి దేవరకొండకు పల్లెవెలుగు. చేతిలో టికెట్ మిషన్ ఉన్నా మా అసలు పనిముట్టు గొంతే. బస్టాండులో "కనగల్, గుర్రంపోడ్, మల్లేపల్లి, దేవరకొండ" అని అరవాలి, వెనక తలుపు దగ్గర వేలాడేవాళ్లను లోపలికి జరగమని అరవాలి, చిల్లర కోసం అరవాలి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ పని ఇంకా పెరిగింది. జీరో టికెట్ అయినా కొట్టాల్సిందే, ఎక్కడ దిగుతారో అడగాల్సిందే, కార్డు చూడాల్సిందే. కార్డు ఎప్పుడూ సంచి అడుగున ఉంటుంది, సంచి సీటు కింద ఉంటుంది, సీటు మీద ఇంకో ముగ్గురుంటారు.

గడ్డను మొదట కనిపెట్టింది కూడా ఒక ప్రయాణికురాలే. మల్లేపల్లిలో రోజూ ఎక్కే ఒక ముసలమ్మ, తండా మనిషి, నేను సీసా ఎత్తి నీళ్లు తాగుతుంటే అలాగే చూసి, "బిడ్డా, నువ్వు మింగుతుంటే గొంతు కాడ ఏందో ఎక్కి దిగుతున్నది" అంది. తర్వాత హైదరాబాద్‌లో పెద్ద డాక్టర్ చేసింది కూడా అదే పని: నా చేతికి గ్లాసు నీళ్లిచ్చి, ఒక్కో గుటక మింగమని, ఎదురుగా కూర్చుని మెడ చూశాడు. థైరాయిడ్ గ్రంథి గాలిగొట్టానికి అంటుకుని ఉంటుందట, అందుకే అందులో వచ్చిన గడ్డ మింగినప్పుడు పైకి లేస్తుంది, మామూలు కొవ్వుగడ్డ అయితే అలా లేవదు. ఆ ముసలమ్మ ఫీజు కూడా తీసుకోలేదు.

స్కానింగులో రెండు పక్కలా గడ్డలున్నాయన్నారు, పెద్దది గాలిగొట్టాన్ని ఒక పక్కకు నెడుతోంది. సూది పరీక్షలో అవునని గానీ కాదని గానీ తేలలేదు, అనుమానం అని వచ్చింది. మొత్తం తీసేయడమే మంచిదన్నారు. ఆ అనుమానం అన్న మాట పెట్టిన టెన్షన్ గురించి ఎక్కువ రాయను. తీసిన దాన్ని పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని వచ్చింది, అంతటితో ఆ సంగతి అయిపోయింది.

నల్లగొండ మనిషికి ఏ రోగమొచ్చినా ముందు నీళ్ల మీదికే అనుమానం పోతుంది. తప్పు కూడా కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంకర్లు పోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూస్తూ పెరిగిన తరం మాది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ మంచిది కాదని మా స్కూల్లో గోడ మీద రాసి ఉండేది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి వేరే దేశాల పుస్తకాల్లో కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. మన ఊరి పేరు అలా ఎక్కింది పుస్తకాల్లోకి, ఏం చేస్తాం. భగీరథ నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చాక ఇప్పుడు పిల్లల పళ్లు తెల్లగానే ఉన్నాయి. నేనూ డాక్టర్‌ని అడిగాను, నీళ్ల వల్లనేనా సార్ అని. ఫ్లోరైడ్ ముఖ్యంగా ఎముకల మీద, పళ్ల మీద పడుతుందమ్మా, నీ గడ్డకు ఫలానాదే కారణమని వేలు పెట్టి చూపించలేను అన్నాడు. ఆడవాళ్లలో ఈ గడ్డలు ఎక్కువ, వయసుతో పాటు పెరుగుతాయి, అంతవరకు చెప్పాడు. మా ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఆయనకు ఎవరినో ఒకరిని తిట్టాలి.

ఆపరేషన్ పొద్దున ఒక చిన్న గొడవైంది. ఒంటి మీద లోహం ఏదీ ఉండొద్దు, పుస్తెలతాడు తీయమంది సిస్టర్. మా అత్తమ్మ ఒప్పుకోదు. "మెడ కోస్తరని మెడ బోసి పెడ్తరా" అని ఆమె, "తీస్తేనే లోపలికి తీసుకుంటరు పెద్దమ్మా" అని సిస్టర్, మధ్యలో నేను పచ్చగౌను వేసుకుని కూర్చున్నా. ఆఖరికి సిస్టరే ఎక్కడి నుంచో తెల్ల దారం తెచ్చింది, అత్తమ్మ తన సంచిలోంచి పసుపు కొమ్ము తీసి దానికి కట్టి నా ఎడమచేతికి ముడేసింది. ఆమె సంచిలో పసుపు కొమ్ము ఎందుకుందో నేను అడగలేదు. పుస్తెలతాడును కొంగు అంచుకు మూడు ముళ్లేసి బొడ్లో దోపుకుంది, నేను బయటికి వచ్చేదాకా దాని మీద నుంచి చెయ్యి తీయలేదని మా అమ్మాయి చెప్పింది.

మెలకువ వచ్చీ రాగానే ఎవరో నా పేరు అడిగారు. పేరు కోసం కాదది, గొంతు పలుకుతుందో లేదో చూడటానికి. స్వరపేటికకు పోయే నరాలు గ్రంథి వెనకాలే, రెండు పక్కలా ఉంటాయి, సర్జన్‌కు అవే పెద్ద పరీక్ష. పేరు చెప్పాను, బొంగురుగా, ఎవరిదో గొంతులాగా వచ్చింది. డాక్టర్ మాత్రం నవ్వాడు. నరం తెగలేదు, కదిలిస్తే కొన్నాళ్లు అలుగుతుంది, వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు అన్నాడు. కోత నొప్పి నేను భయపడినంత లేదు. మెడ వెనక నొప్పే చంపింది. ఆపరేషన్‌లో తలను బాగా వెనక్కి వంచి పెడతారట, ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే చెప్తున్నా.

చెప్పాల్సింది ఇంకొకటి కూడా ఉంది, కాల్షియం. థైరాయిడ్ వెనక కందిగింజంత గ్రంథులు మామూలుగా నాలుగుంటాయి, పారాథైరాయిడ్ అంటారు, పేరే గానీ థైరాయిడ్‌తో వాటి పనికి సంబంధం లేదు, రక్తంలో కాల్షియం చూసుకోవడం వాటి పని. వాటిని జాగ్రత్తగా వదిలేసినా పక్కన ఇంత జరిగితే కొన్నాళ్లు పని మానేస్తాయి. ఆపరేషన్ అయిన మర్నాడు సాయంత్రం మూతి చుట్టూ చీమలు పాకినట్లు మొదలైంది, తర్వాత వేళ్ల చివర్లు. ఇంట్లో ఉండుంటే పడుకున్న తిమ్మిరి అనుకునేదాన్ని. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి చెవికి ముందు, చెంప మీద వేలితో టకటకా తట్టింది. నా పెదవి మూల దానంతట అదే గుంజుకుంది. ఆమె తట్టిన ప్రతిసారీ గుంజుకుంది, నేను ఆపుదామన్నా ఆగలేదు. వెంటనే రక్తం తీసి, గుండెకు మిషన్ పెట్టి, నరంలోకి కాల్షియం ఇంజక్షన్ చాలా నెమ్మదిగా ఎక్కించారు. కాసేపటికి తగ్గిపోయింది. ఇంటికొచ్చాక కూడా మూతి తిమ్మిరెక్కినా, చేతులు కొంకర్లు పోతున్నట్లున్నా ఆలోచించొద్దు, వెంటనే ఆసుపత్రికి రావాలని గట్టిగా చెప్పి పంపారు. థైరాయిడ్ ఆపరేషన్ చేయించుకునేవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ ఒక్క పేరా వాళ్లకు చదివి వినిపించండి, మిగతాది వదిలేసినా సరే.

సెలవులో ఇంట్లో కూర్చుంటే తోచదు. మా పెద్దమ్మాయి డిగ్రీ సైన్స్ చదువుతోంది, దాని ఫోన్లోంచి పాత సంగతులు చదివి వినిపించేది. స్విట్జర్లాండ్‌లో కోకర్ అని ఒక సర్జన్ ఉండేవాడట. అంతకు ముందు ఈ ఆపరేషన్ అంటే రక్తం ఆగక మనిషి బల్ల మీదే పోయేవాడు, ఈయన ఓపికగా ఒక్కో రక్తనాళాన్ని కట్టుకుంటూ చేసి బతికించాడు. బతికించి పంపిన వాళ్లను కొన్నేళ్లకు పిలిపించి చూస్తే, గ్రంథి మొత్తం తీసినవాళ్లు ముఖాలు ఉబ్బి, మాట మందగించి, చలికి ముడుచుకుపోయి ఉన్నారట. అది చూసి 1883లో ఆయన ఆ సంగతి అందరి ముందూ చెప్పి, మొత్తం తీసేయడం మానుకున్నాడు. థైరాయిడ్ మీద చేసిన పనికే 1909లో నోబెల్ ఇచ్చారు. తీసేసిన గ్రంథి ఇచ్చే హార్మోన్‌కు బదులు ఇప్పుడు మేం రోజూ వేసుకునే గోలీ లేని కాలమది. 1891లో ఇంగ్లండ్‌లో ముర్రే అనే డాక్టర్ గొర్రె థైరాయిడ్ రసం ఇంజక్షన్‌గా ఇచ్చి అలా మందగించిన ఒకావిడను లేపి కూర్చోబెట్టాడు, ఆమె ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. గొర్రె అనగానే మా అత్తమ్మ చెవులు నిక్కించింది. ఆమె పుట్టింటివాళ్లు గొర్లు కాసినోళ్లే. "మెడకాయ కూర మేం చిన్నప్పటి సంది తింటున్నం, అందుకే మా ఇంట్ల ఎవరికీ గడ్డల్లేవు" అని తేల్చేసింది. మా అమ్మాయి వాదించబోయింది, నేను చేత్తో ఆపాను.

చూడ్డానికి వచ్చినవాళ్లు బత్తాయిలు తెచ్చారు. మన జిల్లాలో ఎవరికి బాగాలేకపోయినా బత్తాయిలే, మా ఫ్రిజ్ తలుపు పట్టలేదు. పుల్లగా గొంతులో దిగేటప్పుడు మంట, అయినా తాగాను, తోటలోంచి కోసి తెచ్చారు పాపం. బత్తాయిలతో పాటు సలహాలు. గోబీ తినొద్దు, క్యాబేజీ ముట్టొద్దు, దొడ్డుప్పు మంచిది, పాకెట్ ఉప్పు మంచిది. ఈ కూరలు ఎక్కువైతే అయోడిన్ వాడుకోవడంలో గ్రంథికి అడ్డం పడతాయన్నది నిజమేనట, కానీ అడ్డం పడటానికి నా దగ్గర గ్రంథి ఉండాలి కదా. మా వదిన ఈ మాట విని కాసేపు ఆలోచించి, "అయినా తినకపోతే ఏంబోయింది" అంది. అత్తమ్మ మాత్రం సలహాలేం ఇవ్వలేదు. పొద్దుటి పూట రాగి జావ కాచి, చల్లార్చి, మజ్జిగ పోసి, గ్లాసు నా ముందు పెట్టి, ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడేది.

ఇప్పుడు పొద్దునే పెద్ద చిక్కు. గోలీ పరగడుపున, మంచినీళ్లతో వేసుకోవాలి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ్ తాగొద్దు. కాల్షియం గోలీకి, దీనికి కనీసం నాలుగు గంటల దూరం ఉండాలి, లేకపోతే కాల్షియం దీన్ని ఒంటికి పట్టనివ్వదు. ఫస్ట్ సర్వీస్ ఉన్న రోజు నాలుగింటికి లేచి గోలీ వేసుకుని, జడ వేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని, గడియారం చూసుకుంటూ చాయ్ కోసం కాచుకోవాలి. కళ్లు తెరవగానే చాయ్ తాగే మనిషిని, ఈ శిక్ష కోతకంటే పెద్దది. ఇంతా చేసి ఆ గోలీలో ఉన్న మందెంత? వంద మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదివేల వంతు. సీసా ఎండకు, వేడికి పాడవుతుందట, మన బస్సు ఇంజన్ పక్కన మే నెలలో ఎంత వేడి ఉంటుందో ఎక్కినవాళ్లకు తెలుసు, అందుకే అది ఇంట్లోనే ఉంటుంది. కాల్షియం పట్టీ మాత్రం క్యాష్ బ్యాగులో, రూపాయి బిళ్లల అర పక్కన. దేవరకొండలో బువ్వ తిన్నాక వేసుకుంటాను. ఒక పూట మరిచిపోతే కొంపలేం మునగవని, ఈ మందు ఒంట్లో సగం తగ్గడానికే వారం దాకా పడుతుందని డాక్టర్ అన్నాడు. ఆ మాట మా ఆయన ముందు అనకుండా ఉంటే బాగుండేది, ఇప్పుడు ఆయన తన బీపీ గోలీకి కూడా అదే లెక్క చెప్తున్నాడు. బీపీ గోలీ అలాంటిది కాదు.

ఆరు వారాలకు టీఎస్‌హెచ్ అని, గోలీ సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష చూసి డోసు అటో ఇటో మారుస్తారు. అప్పటిదాకా ఒకరోజు హుషారు, ఒకరోజు మధ్యాహ్నానికే కాళ్లు బరువు. ఆ బరువు బయటికి కనబడదు, అడిగినవాళ్లకు చూపించలేం. మెడ మీది గీత ఇంకా ఎర్రగానే ఉంది, మెడ ముడతలోనే కోశారు కాబట్టి ఏడాది పోతే కలిసిపోతుందట. చున్నీతో కప్పుకోమ్మా అని ముగ్గురు నలుగురు చెప్పారు. ఎండ తగలకుండా కప్పుకుంటాను గానీ, దాచడానికైతే కాదు. పుస్తెలతాడు మళ్లీ మెడలోకి వచ్చింది, పక్కల ఒరుసుకోకుండా దాని కింద మెత్తటి గుడ్డ పెడుతున్నా.

ఫిట్‌నెస్ రాయించుకుని డ్యూటీలో చేరాను. మామూలు మాట వస్తోంది, కేక మాత్రం రావడం లేదు. గొంతు పైకెత్తితే మధ్యలో తెగిపోతుంది. మా డ్రైవర్ అన్న ఒక విజిల్ కొనిచ్చాడు, ఆపడానికి ఒకటి, పోవడానికి రెండు. ఊర్ల పేర్లు మాత్రం విజిల్‌తో చెప్పలేం కదా. బస్టాండులో ఒక బత్తాయిలమ్మ నా బదులు అరుస్తోంది, "దేవరకొండ, దేవరకొండ" అని, మధ్యలో "డజను వంద" అని కూడా కలుపుతోంది. రెండూ ఒకే రాగంలో.

అందుకని దేవరకొండ బస్సెక్కేవాళ్లకు చెప్తున్నా, నేను దగ్గరికి వచ్చేలోపే కార్డు బయటికి తీసి పెట్టుకోండి, ఎక్కడ దిగుతారో మీరే గట్టిగా చెప్పండి. మగవాళ్లు చిల్లర తెచ్చుకోండి. ఐదువందల నోటిస్తే పోట్లాడే గొంతు ప్రస్తుతానికి లేదు, రాసి చూపిస్తాను.