వెలుతురు సెన్సార్‌కు నిద్ర నేర్పడం: మూడో వారం

శనివారం

గత వారం ఆగిన చోటు ఇది: ఐ2సీ (రెండు తీగల మీద చిప్‌లు మాట్లాడుకునే పద్ధతి) మీద నడిచే వెలుతురు సెన్సార్‌కు నేను రాసుకున్న లినక్స్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే కోడ్) రీడింగులు సరిగానే ఇస్తోంది, కానీ సెన్సార్ మాత్రం కన్ను మూయడం లేదు. ఐదు సెకన్లకు ఒకసారి అడిగే ప్రోగ్రామ్ కోసం రాత్రింబవళ్లు కరెంటు తాగడం ఎందుకని రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ (పీఎం, పని లేని పరికరాన్ని నిద్రపుచ్చే ఏర్పాటు) పని మొదలుపెట్టాను. ఈ ఏర్పాటు 2009లో, 2.6.32 వెర్షన్‌తో లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోకి వచ్చింది. సూత్రం చిన్నదే. పరికరంతో పని పడితే లెక్క ఒకటి పెంచాలి, పని కాగానే తగ్గించాలి. లెక్క సున్నాకు వస్తే కెర్నల్ మన సస్పెండ్ ఫంక్షన్‌ను పిలుస్తుంది.

మొదటి గంట ఊరికే పోయింది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (పరికరాల స్థితిని కెర్నల్ ఫైళ్లుగా చూపే చోటు) పరికరం కింద ఉండే పవర్ డైరెక్టరీలో రన్‌టైమ్_స్టేటస్ ‘అన్‌సపోర్టెడ్’ అని చూపిస్తోంది. హార్డ్‌వేర్‌లోనే ఏదో లోపమనుకుని డేటాషీట్ అంతా తిరగేశాను. తీరా చూస్తే ప్రోబ్‌లో (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్) పీఎం_రన్‌టైమ్_ఎనేబుల్ పిలవడమే మరిచాను. దానికి ముందు సెట్_యాక్టివ్ కూడా ఉండాలి. ప్రతి పరికరమూ నిద్రలోనే ఉందనుకుని కెర్నల్ మొదలుపెడుతుంది కాబట్టి, ప్రోబ్‌లో మనమే రెగ్యులేటర్ (సెన్సార్‌కు కరెంటు ఇచ్చేది) ఆన్ చేసి ఉంటే ఆ సంగతి చెప్పాలి. లేకపోతే మొదటి రిజ్యూమ్‌లో (పరికరాన్ని లేపే ఫంక్షన్) రెగ్యులేటర్‌ను రెండోసారి ఆన్ చేస్తాం, ఆ తర్వాత అది ఎన్నటికీ ఆఫ్ కాదు.

ఆదివారం

సెన్సార్ నిద్రపోతోంది, లేస్తోంది. లేచాక మాత్రం రీడింగు పదహారో వంతుకు పడిపోతోంది. కిటికీ పక్కన పెట్టినా చీకటి గదిలో ఉన్నట్టే చెబుతోంది. సరిగ్గా పదహారో వంతు కావడమే దారి చూపింది: గెయిన్‌ను (రీడింగును ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే సెట్టింగు) 16కు పెట్టింది నేను, కరెంటు పోయి వచ్చాక సెన్సార్ దాన్ని 1కి మార్చేసుకుంది. రెగ్యులేటర్ ఆపితే సెట్టింగులు ఉండే రిజిస్టర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయని తెలియక కాదు, తోచక.

విలువలను చేత్తో దాచి చేత్తో తిరిగి రాసే కోడ్ సగం రాసి చెరిపేశాను. రెగ్‌మ్యాప్ (రిజిస్టర్ విలువల నకలును క్యాష్‌లో దాచుకునే కెర్నల్ సదుపాయం) ఆ పని ఇంకా బాగా చేస్తుంది. సస్పెండ్‌లో రెగ్‌క్యాష్_క్యాష్_ఓన్లీ (ఇక క్యాష్‌తోనే పని), ఆపై మార్క్_డర్టీ (సెన్సార్‌లోని విలువలు పోతాయన్న గుర్తు), చివరగా రెగ్యులేటర్ ఆఫ్. రిజ్యూమ్‌లో రెగ్యులేటర్ ఆన్, 5 మిల్లీసెకన్ల ఆగడం, క్యాష్_ఓన్లీ తీసేయడం, రెగ్‌క్యాష్_సింక్ (క్యాష్‌లోని విలువలను సెన్సార్‌లో తిరిగి రాయడం). ఆ 5 మిల్లీసెకన్లు తీసేసి చూశాను. సింక్‌లోనే మైనస్ 121 వచ్చింది, అంటే సెన్సార్ ఇంకా పలకడం లేదు. రీడింగు రిజిస్టర్లను వోలటైల్‌గా (ప్రతిసారీ సెన్సార్ నుంచే చదవాల్సినవిగా) ప్రకటించడం మరవకూడదు, లేకపోతే పాత వెలుతురునే క్యాష్ నుంచి చదువుతూ కూర్చుంటాం.

కరెంటు కొలవబోయి ఇంకో తిప్పలు పడ్డాను. మల్టీమీటర్‌ను మైక్రోయాంప్ రేంజిలో వరుసలో కలిపితే సెన్సార్ అసలు ప్రోబే కాలేదు. ఆ రేంజిలో మీటర్ లోపలి నిరోధం నా దానిలో 100 ఓములు. లేచే క్షణంలో 5 మిల్లీయాంపులు లాగినా అర వోల్టు అక్కడే పోతుంది. మిల్లీయాంప్ రేంజికి మార్చి, లేచాక మైక్రోయాంప్‌కు తిప్పుతున్నాను. మొరటు పద్ధతే, కానీ నడుస్తోంది.

బుధవారం రాత్రి

ఈ వారమంతటికీ విలువైన పూట ఇదే. డ్రైవర్‌ను కావాలనే ఏడిపిద్దామని సెన్సార్ నిద్రలో ఉండగా డేటా తీగ పీకి నాలుగుసార్లు రీడింగు అడిగాను. నాలుగుసార్లూ లోపమే వచ్చింది, రావాలి కూడా. తీగ మళ్లీ పెట్టాను. అయినా లోపమే, ఇప్పుడు మైనస్ 22. స్టేటస్ చూస్తే ‘ఎర్రర్’.

రిజ్యూమ్ ఒకసారి విఫలమైతే కెర్నల్ ఆ తప్పును గుర్తుపెట్టుకుని, మనం చెరిపేదాకా పరికరాన్ని లేపడానికి ఒప్పుకోదు. నా రిమూవ్‌లో (డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచే ఫంక్షన్) డిజేబుల్ తర్వాత సెట్_సస్పెండెడ్ ఉంది కాబట్టి డ్రైవర్ మాడ్యూల్ తీసి పెడితే ఆ గుర్తు పోయింది. రీడింగులు వచ్చాయి. కానీ సెన్సార్ ఇక పడుకోనంటోంది!

రన్‌టైమ్_యూసేజ్ ఫైలులో అంకె ఐదు. (కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో పీఎం అడ్వాన్స్‌డ్ డీబగ్ పెట్టుకుంటేనే ఈ ఫైలు కనిపిస్తుంది, ఈ పనికి దిగేవాళ్లు ముందే పెట్టుకోవడం మేలు.) నాలుగు తీగ లేనప్పటివి, ఒకటి తీగ పెట్టాక అడిగింది. గెట్_సింక్ (లెక్క పెంచి పరికరాన్ని లేపే పిలుపు) విఫలమైనా లెక్కను మాత్రం పెంచే ఉంచుతుంది. నేనేమో లోపం రాగానే రిటర్న్ అయిపోతున్నాను, తగ్గించేవాడు లేడు. పైగా లెక్క డ్రైవర్‌ది కాదు, పరికరానిది. అందుకే మాడ్యూల్ ఎన్నిసార్లు తీసి పెట్టినా ఆ ఐదు అలాగే ఉంది. బోర్డు రీబూట్ చేస్తే పోయింది.

అన్నిచోట్లా గెట్_సింక్ తీసేసి పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ పెట్టాను. అది విఫలమైతే లెక్కను తానే వెనక్కి తగ్గిస్తుంది. 5.10 నుంచి ఉంది. మళ్లీ తీగ పీకాను, నాలుగుసార్లు అడిగాను, అంకె సున్నా.

శుక్రవారం

ఆటోసస్పెండ్ గడువు, అంటే పని అయ్యాక పడుకునే ముందు ఆగే సమయం. మొదట 2000 మిల్లీసెకన్లు పెట్టాను, అందరూ పెడతారు కదా అని. కానీ నా ప్రోగ్రామ్ ఐదు సెకన్లకోసారి అడుగుతుంది, కొలతకు 100 మిల్లీసెకన్లు చాలు. పది నిమిషాలకు రన్‌టైమ్_యాక్టివ్_టైమ్ (మేలుకుని ఉన్న సమయం) 268 సెకన్లు పెరిగింది. గడువును 200కు తగ్గిస్తే అదే పది నిమిషాలకు 38. వెలుతురు మారుతుంటే సెకనులో పదిసార్లు అడిగే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, దానికి 200 కూడా చాలు, మధ్యలో పడుకోదు. లేచిన వెంటనే మాత్రం ఒక పూర్తి కొలత అయ్యేదాకా ఆగాలి, లేకపోతే సున్నా చదువుతాం.

సిస్టమ్ సస్పెండ్‌కు (బోర్డంతా పడుకోవడానికి) వేరే కోడ్ రాయలేదు. ఫోర్స్_సస్పెండ్, ఫోర్స్_రిజ్యూమ్ పెట్టి వదిలేశాను, మూడుసార్లు పడుకోబెట్టి లేపితే బాగానే ఉంది.

వచ్చే వారం ఇంటరప్ట్, అంటే మనం అడగకుండా సెన్సార్ తానే పంపే సంకేతం. వెలుతురు హద్దు దాటితే చెప్పమన్నప్పుడు సెన్సార్ మేలుకునే ఉండాలి కాబట్టి, ఆ సదుపాయం వాడుకలో ఉన్నంతసేపూ ఒక లెక్క పట్టుకుని ఉంచాలి. భయమల్లా ఇంకోటి: సస్పెండ్‌లో డిజేబుల్_ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్‌ను ఆపే పిలుపు) పిలిస్తే అది హ్యాండ్లర్ (ఇంటరప్ట్ రాగానే నడిచే ఫంక్షన్) ముగిసేదాకా ఆగుతుంది, హ్యాండ్లర్‌లో నేను రిజ్యూమ్ అడిగితే అది సస్పెండ్ ముగిసేదాకా ఆగుతుంది. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుచూస్తూ నిలబడిపోతారు. హ్యాండ్లర్‌లో పీఎం పిలుపులే లేకుండా రాయగలనేమో ముందు చూడాలి.